మందుబిళ్ళకు ఉన్న కాపలా గుట్కా ప్యాకెట్టుకు ఉందా?



2025 అక్టోబరు మొదటి వారాలలో మన పిల్లల ఓపీ ముందు మేము ఎన్నడూ చూడని రద్దీ కనిపించింది. ఇంజన్ బౌలి, జహానుమా, చాంద్రాయణగుట్ట వైపుల నుంచి తల్లులు పిల్లలను చంకన వేసుకుని, చేతిసంచుల్లో దగ్గు మందు సీసాలు పెట్టుకుని వచ్చారు. అందరూ టీవీలో వార్త చూసి వచ్చినవాళ్ళే. "సిస్టరమ్మా, టీవీల చెప్పిన మందు గిదేనా?" అని అందరిదీ ఒకటే ప్రశ్న. కొన్ని సీసాలకు సిరప్ కారి బ్యాచ్ నంబరు చెరిగిపోయింది. కొన్నిటికి అట్టపెట్టె లేదు. బిల్లు దాచి తెచ్చినవారు ముగ్గురికి మించరు.

వారిలో ఒక తల్లి తెచ్చిన సీసా చూసి, ఇది ఆ మందు కాదమ్మా అని చెప్పాము. ఆమె కళ్ళు తుడుచుకుంది. వెనకాలే ఆటో నడిపే భర్త నిలబడి ఉన్నాడు. బాబుకు ఈ మందు రోజుకు ఎన్నిసార్లు పోశారని అడిగితే, జవాబు చెప్పడానికి ఆయన ముందు బయటకు వెళ్ళి ఉమ్మి వచ్చాడు. అప్పుడు ఆమె మమ్మల్ని అడిగింది: "సర్కారు గా మందును ఒక్క రోజుల బంద్ చేయించింది గద సిస్టరమ్మా. మరి ఈయన నోట్లెదాన్ని ఎందుకు బంద్ చేయిస్తలేదు?"

ముప్పై ఏళ్ళుగా వార్డుల్లో పనిచేస్తున్న మాకు వెంటనే జవాబు తోచలేదు. ఆ రోజు ఆమెకు ఇవ్వలేని జవాబును ఈ సంచికలో మీ అందరికీ వివరంగా చెప్పాలనుకుంటున్నాము.

మందుకు కాపలా ఎలా వచ్చింది?

మందుల చట్టాలు ఊరికే రాలేదు. చాలావరకు ప్రాణాలు పోయిన తరువాత వచ్చినవే. 1937లో అమెరికాలో ఒక కంపెనీ సల్ఫనిలమైడ్ అనే మందును పిల్లలు కూడా తాగగలిగేలా ద్రవరూపంలో తయారుచేసింది. మందును కరిగించడానికి డైఇథిలీన్ గ్లైకాల్ అనే రసాయనం వాడింది. ఇది ఫ్యాక్టరీలలో, బ్రేక్ ఆయిల్ వంటివాటిలో వాడేది. రుచికి తియ్యగా ఉంటుంది, చవకగా దొరుకుతుంది. కడుపులోకి పోతే మాత్రం మూత్రపిండాలను పాడుచేస్తుంది. ఆ మందు తాగి వందమందికి పైగా చనిపోయారు. అమ్మే ముందు మందు ప్రమాదకరం కాదని నిరూపించాలని అప్పటి చట్టంలో లేదు. మరుసటి ఏడాది, అంటే 1938లో, అక్కడ ఆ నియమం వచ్చింది.

మన దేశంలో 1930లో సర్ రామ్‌నాథ్ చోప్రా అధ్యక్షతన మందుల విచారణ సంఘం ఏర్పడింది. దాని సిఫారసుల మీద 1940లో మందుల చట్టం, 1945లో నియమాలు వచ్చాయి. ఎన్నో సవరణలతో ఆ చట్టమే నేటికీ నడుస్తోంది. దాని ప్రకారం మందు తయారుచేయాలన్నా, అమ్మాలన్నా లైసెన్సు ఉండాలి. మెడికల్ షాపులో రిజిస్టర్డ్ ఫార్మసిస్టు ఉండాలి. ప్రతి సీసా మీద, ప్రతి షీటు మీద తయారీదారు పేరు, లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, తయారైన తేదీ, గడువు తేదీ ముద్రించాలి. డ్రగ్ ఇన్‌స్పెక్టరు ఏ దుకాణంలోనికైనా వెళ్ళి నమూనా తీసుకుని, సీలు వేసి, ప్రభుత్వ ప్రయోగశాలకు పంపవచ్చు. మన రాష్ట్రంలో ఈ పని చేసే ఔషధ నియంత్రణ విభాగం కార్యాలయం హైదరాబాదు వెంగళరావు నగర్‌లో ఉంది. నకిలీ లేక కల్తీ మందు వల్ల మనిషి చనిపోతే శిక్ష పదేళ్ళకు తక్కువ కాకుండా, యావజ్జీవం వరకు ఉంటుంది. ఈ కఠిన శిక్ష 2008 సవరణతో వచ్చింది.

ఇంత కాపలా ఉన్నా దొంగ దూరిన సందర్భాలు ఉన్నాయి. 1986లో బొంబాయిలోని జె.జె. ఆసుపత్రిలో గ్లిజరిన్‌లో ఇదే డైఇథిలీన్ గ్లైకాల్ కలవడం వల్ల 14 మంది రోగులు చనిపోయారు. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్‌వాడా ప్రాంతంలో కోల్డ్‌రిఫ్ అనే దగ్గు మందు తాగి 20 మందికి పైగా పిల్లలు మూత్రపిండాలు దెబ్బతిని చనిపోయారు. ఆ మందు తమిళనాడులోని కాంచీపురంలో తయారైంది. అక్కడి ప్రభుత్వ ప్రయోగశాల ఎస్‌ఆర్-13 అనే బ్యాచ్‌ను పరీక్షిస్తే డైఇథిలీన్ గ్లైకాల్ 48.6 శాతం ఉన్నట్లు తేలింది. ఉండదగినది 0.1 శాతం మాత్రమే! ఆ వెంటనే మన రాష్ట్ర ఔషధ నియంత్రణ విభాగం ఆ బ్యాచ్ వాడవద్దని ప్రజలను హెచ్చరించింది. ఆ తల్లులు సీసాలు పట్టుకుని వచ్చింది ఆ హెచ్చరిక వినే.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. ప్రతి బ్యాచ్‌నూ, అందులో వాడే ముడిసరుకునూ పరీక్షించవలసిన బాధ్యత మొదట తయారీదారుదే. ప్రభుత్వం అక్కడక్కడ నమూనాలు తీసి చూస్తుంది, అంతేగాని ప్రతి సీసా మూత తీసి చూడలేదు. తప్పు దొరికినప్పుడు మాత్రం ఫలానా బ్యాచ్ ఆపండి అని క్షణాల మీద చెప్పగలదు. ఆ మాట మన ఇంటి అలమరలో ఉన్న సీసాకు చేరాలంటే మన దగ్గర బ్యాచ్ నంబరు ఉండాలి, బిల్లు ఉండాలి. అవి లేకుండా కొన్న మందుకు కాపలా లేనట్లే.

పొగాకును మందుల చట్టం కింద ఎందుకు పెట్టలేదు?

ఆ తల్లి అడిగిన ప్రశ్నకు సగం జవాబు ఇక్కడ ఉంది. మందుల చట్టం అడిగేది ఒకటే ప్రశ్న: చెప్పిన పద్ధతిలో వాడితే ఇది మేలు చేస్తుందా, ఆ మేలు హాని కంటే ఎక్కువా? ఈ పరీక్షలో నెగ్గిన మందు దుకాణానికి వస్తుంది, నెగ్గనిది రాదు. పొగాకును ఈ పరీక్షకు కూర్చోబెడితే నెగ్గే అవకాశమే లేదు. చెప్పిన పద్ధతిలో వాడినా ప్రాణం తీసే సరుకు అది. కాబట్టి పొగాకును మందుగా లెక్కకడితే పూర్తిగా నిషేధించవలసి వస్తుంది. అందుకు ప్రభుత్వాలు సిద్ధపడలేదు.

ఈ చిక్కు అమెరికాలో కోర్టుదాకా పోయింది. అక్కడ మందులను అదుపుచేసే ఎఫ్‌డీఏ సంస్థ 1996లో, నికోటిన్ కూడా మందు వంటిదే కనుక సిగరెట్లు తన అధికారం కిందికే వస్తాయని నియమాలు చేసింది. 2000లో అక్కడి సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తులు ఒకవైపు, నలుగురు ఒకవైపుగా తీర్పు చెప్పింది. చట్టసభ ఆ అధికారం ఇవ్వలేదని, ఇచ్చి ఉంటే ఆ సంస్థ పొగాకును నిషేధించవలసి వచ్చేదని ఆ తీర్పు సారాంశం. తరువాత 2009లో ప్రత్యేక చట్టం చేసి గాని ఆ సంస్థకు పొగాకు మీద అధికారం ఇవ్వలేదు.

మన దేశంలో ఒక్కచోట మాత్రం మందుల చట్టం పొగాకును పట్టుకుంది. పూర్వం పళ్ళపొడుల్లో, టూత్‌పేస్టుల్లో పొగాకు కలిపి అమ్మేవారు. 1992లో కేంద్ర ప్రభుత్వం మందుల చట్టం కింద దానిని నిషేధించింది. 1997లో సుప్రీంకోర్టు ఆ నిషేధాన్ని సమర్థించింది. పళ్ళు తోముకోవడానికి పొగాకు పొడి వాడే పెద్దవారు మన బస్తీల్లో ఇంకా ఉన్నారు. పంటినొప్పి తగ్గుతుందని వారి నమ్మకం. నొప్పి తెలియకుండా పోతుందే గాని చిగురు లోపల పాడవుతూనే ఉంటుంది.

మరో విచిత్రం చూడండి. పొగాకు మానడానికి డాక్టరుగారు రాసే నికోటిన్ చూయింగ్ గమ్‌కు లైసెన్సు కావాలి, బ్యాచ్ నంబరు కావాలి, లోపల ఎన్ని మిల్లీగ్రాములు ఉందో పైన రాయాలి. అదే నికోటిన్ జర్దా ప్యాకెట్టులో ఎంత ఉందో కొనేవాడికి తెలియదు. జబ్బు తెచ్చేదానికంటే జబ్బు మాన్పేదానికే పరీక్షలు ఎక్కువ!

పొగాకు చట్టం ఏమి చెబుతుంది?

పూర్తిగా ఆపలేనిదానికి కంచె వేయాలని 2003లో మన పార్లమెంటు సిగరెట్లు, ఇతర పొగాకు ఉత్పత్తుల చట్టం చేసింది. కోట్పా అని అధికారులు పిలిచేది దీనినే. అందులో ముఖ్యమైనవి ఇవి:

1. బహిరంగ ప్రదేశాల్లో పొగ తాగరాదు. ఆసుపత్రి, స్టేషను, బస్సు, హోటలు, కార్యాలయం అన్నీ ఇందులోకి వస్తాయి. 2008 అక్టోబరు 2 నుంచి ఈ నియమాలు గట్టిగా అమలులోకి వచ్చాయి. జరిమానా 200 రూపాయల వరకు.

2. పొగాకు ప్రకటనలు నిషేధం.

3. 18 ఏళ్ళు నిండనివారికి అమ్మరాదు. విద్యాసంస్థ ప్రహరీ నుంచి 100 గజాలలోపు, అంటే సుమారు 91 మీటర్లలోపు ఎవరికీ అమ్మరాదు.

4. ప్యాకెట్టు మీద బొమ్మతో హెచ్చరిక ఉండాలి. ఈ బొమ్మలు 2009 మే 31న మొదలయ్యాయి. 2016 ఏప్రిల్ నుంచి ప్యాకెట్టులో 85 శాతం హెచ్చరికకే కేటాయించాలి. 2018 సెప్టెంబరు నుంచి మానడానికి సహాయం చేసే ఫోన్ నంబరు కూడా దానిమీదే ఉంటోంది.

కంచె వేసినందువల్ల ఫలితం లేకపోలేదు. దేశవ్యాప్త సర్వేలో 2009-10లో పెద్దవారిలో నూటికి 34.6 మంది ఏదో ఒక రూపంలో పొగాకు వాడేవారు. 2016-17 నాటికి అది 28.6కు తగ్గింది. అయినా మన దేశంలో ఏటా సుమారు 13 లక్షల మంది పొగాకు వల్ల మరణిస్తున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

కంచెకు కంతలు కూడా ఉన్నాయి. విడిగా ఒక సిగరెట్టు కొనేవాడికి ప్యాకెట్టు మీది బొమ్మ కనిపించదు. ఈ చట్టం కింద పిల్లవాడికి అమ్మినందుకు జరిమానా 200 రూపాయలు దాటదు. అయితే 2015 బాలల న్యాయ చట్టం వచ్చాక పరిస్థితి మారింది. డాక్టరు చెప్పకుండా పిల్లవాడికి పొగాకు ఇచ్చినా, ఇప్పించినా ఏడేళ్ళ వరకు కఠిన జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా పడవచ్చు. "పోయి నాకు ఒక ప్యాకెట్ పట్టుకురా" అని కొడుకును దుకాణానికి పంపే తండ్రులు ఈ సంగతి తెలుసుకోవాలి. ఇక ఎలక్ట్రానిక్ సిగరెట్లను 2019లోనే పూర్తిగా నిషేధించారు. వాటికి హెచ్చరిక బొమ్మలు లేవు, అనుమతే లేదు.

గుట్కా సంగతి వేరు

ఆ తల్లి ప్రశ్నకు మిగిలిన సగం జవాబు వింటే మీకు ఆశ్చర్యం కలుగుతుంది. ఆమె భర్త నోట్లో ఉన్నదానిని ప్రభుత్వం ఎప్పుడో ఆపింది! మందుగా కాదు, పొగాకుగానూ కాదు, ఆహారంగా లెక్కకట్టి ఆపింది.

మొదటి ప్రయత్నం 2002లో జరిగింది. అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆహార కల్తీ నిరోధక చట్టం కింద గుట్కాను నిషేధించింది. మరికొన్ని రాష్ట్రాలు కూడా అదే పని చేశాయి. తయారీదారులు కోర్టుకు వెళ్ళారు. ఆ చట్టం కింద ఇటువంటి నిషేధం విధించే అధికారం రాష్ట్ర ఆహార అధికారికి లేదని 2004లో సుప్రీంకోర్టు చెప్పింది. నిషేధాలు రద్దయ్యాయి. ప్యాకెట్లు మళ్ళీ దండలుగా పాన్ డబ్బాలకు వేలాడాయి.

తరువాత 2006లో కొత్త ఆహార భద్రత చట్టం వచ్చింది. దాని కింద 2011లో చేసిన నిబంధనల్లో ఒక చిన్న వాక్యం ఉంది: ఏ ఆహార పదార్థంలోనూ పొగాకు గాని, నికోటిన్ గాని కలపరాదు. గుట్కా అంటే వక్కలు, సున్నం, కాచు, సుగంధాలతో పాటు పొగాకు కలిపిన పదార్థం. నమిలి తినేది కాబట్టి ఆహారం. ఆహారం కాబట్టి అందులో పొగాకు ఉండరాదు. ఈ ఆధారంతో 2012 నుంచి రాష్ట్రాలు ఒక్కొక్కటిగా గుట్కాను నిషేధించాయి. మన ఉమ్మడి రాష్ట్రంలో 2013 జనవరిలో నిషేధం వచ్చింది. ఇటువంటి ఉత్తర్వు ఒక్కొక్కటి ఏడాదికి మించి ఉండదు, మళ్ళీ మళ్ళీ ఇవ్వవలసిందే. తెలంగాణలో 2024 మే 24 నుంచి ఇచ్చిన ఉత్తర్వు కూడా ఏడాది గడువుతో వచ్చినదే. ఉత్తర్వుకు గడువు ఉన్నా, ఆహారంలో పొగాకు కలపరాదన్న 2011 నిబంధనకు గడువు లేదు.

మరి నిషేధించినది ఎలా దొరుకుతోంది? ఒకటి, ఇరుగుపొరుగు రాష్ట్రాల నుంచి దొంగచాటుగా వస్తుంది. పోలీసులు గోదాములు పట్టుకున్నారని పేపరులో మనం చూస్తూనే ఉన్నాము. రెండోది ఇంకా తెలివైన దారి. ఒకే ప్యాకెట్టును రెండు చేశారు. ఒకదానిలో పొగాకు లేని పాన్ మసాలా, ఇంకోదానిలో ఉత్త జర్దా. విడివిడిగా అమ్ముతారు, కొన్నవాడు అరచేతిలో కలుపుకుంటాడు. ఫ్యాక్టరీ చేయరాని పనిని ఇప్పుడు కొనేవాడి చేత చేయిస్తున్నారు. ఈ ఎత్తుగడ 2016లో సుప్రీంకోర్టు దృష్టికి కూడా వచ్చింది. పొగాకు కలపరాదన్న నిబంధనను అన్ని రాష్ట్రాలూ పాటించాలని కోర్టు ఆదేశించింది.

"మసాలా ఒక్కటే వేసుకుంటా సిస్టర్, అందులో తంబాకు లేదు" అని చెప్పేవారు మా దగ్గరకు రోజూ వస్తారు. వక్క ఒక్కటే అయినా క్యాన్సర్ కారకమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం తేల్చింది. నోరు తెరుచుకోకుండా బిగుసుకుపోయే జబ్బుకు ముఖ్య కారణం పొగాకు కాదు, వక్కే.

మన గేటు ముందు జరిగినది

చట్టం గురించి ఇంత రాసి మా సంగతి దాచడం న్యాయం కాదు. పిల్లల ఓపీ ప్రశ్న తరువాత మేము మన నర్సింగ్ స్కూలు రెండో సంవత్సరం విద్యార్థినులతో కలిసి టేపు పట్టుకుని గేటు ముందుకు వెళ్ళాము. మన ప్రహరీ గోడ నుంచి ఎదుటి పాన్ డబ్బాకు 38 మీటర్లు. నర్సింగ్ స్కూలు కూడా విద్యాసంస్థే. అంటే ఆ డబ్బాలో పొగాకు అమ్మకం చట్టవిరుద్ధం. ఎన్నో ఏళ్ళుగా మా కళ్ళ ముందే జరుగుతోంది.

వెంటనే ఫిర్యాదు రాయాలని కూర్చున్నాము. అప్పుడు ఒక విద్యార్థిని అడిగింది: "మేడమ్, 100 గజాల్లోపు అమ్మరాదని బోర్డు పెట్టాల్సింది స్కూలువాళ్ళే కదా. మన బోర్డు ఏది?" వెతికాము. ఆ బోర్డు ఒకప్పుడు గోడ మీద రాసి ఉండేది. గోడకు రంగులు వేయించినప్పుడు దాని మీద కూడా సున్నం పడింది. తిరిగి రాయించాలని ఎవరికీ తోచలేదు. కాపలా కాయవలసినవారిలో మేమూ ఉన్నాము, మేమూ నిద్రపోయాము.

ముందు బోర్డు రాయించాము. తరువాత డబ్బా యజమానితో మాట్లాడాము. ఆయన భార్యకు ఇద్దరు పిల్లలూ మన ప్రసూతి వార్డులోనే పుట్టారు. ఆయన మమ్మల్ని కోప్పడలేదు. "సిస్టర్‌జీ, చాయ్, బిస్కెట్ల మీద రోజుకు ఎంత మిగులుతదో మీకు ఎరుకనా? ఈ ప్యాకెట్ల మీదనే నా పిల్లల ఫీజు" అన్నాడు. ఆ మాట అబద్ధం కాదు. "భాయ్, ఆ ప్యాకెట్లు కొనేవాళ్ళ పిల్లల ఫీజు ఎవరు కట్టాలి?" అని మేము అడిగాము. ఆయన జవాబు చెప్పలేదు, మేమూ పొడిగించలేదు. నెల గడువు అడిగాడు, ఇచ్చాము. ఇప్పుడు దండలు వేలాడటం లేదు. అరటిపళ్ళు, గుడ్లు, బ్రెడ్డు పెట్టాడు. రోగుల బంధువులు అక్కడే కొంటున్నారు. మన క్యాంటీను సరుకులో కొంత ఆయన దగ్గరే తీసుకోవాలని ఆసుపత్రి కమిటీని కోరాము. ఇంకా అప్పుడప్పుడు లోపలి డబ్బాలో నుంచి ఒకటి తీసి ఇస్తాడని మాకు తెలుసు. మళ్ళీ దండ కట్టితే ఫిర్యాదు తప్పదని కూడా ఆయనకు చెప్పాము.

మీరు చేయగలిగినవి

1. మందు కొన్నప్పుడు బిల్లు అడగండి. బిల్లులో బ్యాచ్ నంబరు ఉందో లేదో చూడండి. మందు అయిపోయేదాకా అట్టపెట్టె, బిల్లు దాచండి.

2. షీటు మీద ఎర్ర గీత ఉంటే అది డాక్టరు చీటీ లేకుండా కొనరాని మందు. కొన్ని ఎక్కువ రకం యాంటీబయాటిక్‌లకు, అలవాటు పడే మందులకు 2014 మార్చి నుంచి ఇంకా గట్టి నియమం ఉంది. దుకాణదారు రోగి పేరు, డాక్టరు పేరు రిజిస్టరులో రాసుకోవాలి. "గోలీ ఇయ్యి భాయ్" అని అడిగి కొనే అలవాటు మానండి.

3. రెండేళ్ళలోపు పిల్లలకు దగ్గు, జలుబు సిరప్‌లు వాడరాదని, అయిదేళ్ళలోపువారికి సాధారణంగా అవసరం లేదని కేంద్ర ఆరోగ్య శాఖ 2025 అక్టోబరులో సూచించింది. ఏ మందు తాగిన తరువాతనైనా పిల్లవాడికి మూత్రం తగ్గినా, ఆగకుండా వాంతులైనా సీసాతో సహా ఆసుపత్రికి తీసుకురండి.

4. మందు మీద అనుమానం ఉంటే రాష్ట్ర ఔషధ నియంత్రణ విభాగానికి 1800-599-6969 నంబరుకు ఫోన్ చేయవచ్చు. ఖర్చు లేదు. మందు పడక ఇబ్బంది కలిగితే తెలియజేయడానికి 1800-180-3024 ఉంది. కొన్న మందును రుసుము కట్టి ప్రభుత్వ ప్రయోగశాలలో పరీక్ష చేయించుకునే హక్కు కూడా చట్టం మీకు ఇచ్చింది.

5. గుట్కా అమ్మకం ఆహార భద్రత అధికారుల పరిధిలోది. వారి కేంద్ర సహాయ నంబరు 1800-112-100. పిల్లలకు పొగాకు అమ్ముతున్నట్లు చూస్తే పోలీసులకు చెప్పండి.

6. మానాలనుకునేవారు 1800-11-2356 నంబరుకు ఫోన్ చేస్తే ఉచితంగా సలహా ఇస్తారు. లేదా మన ఓపీలో నర్సింగ్ డెస్కు దగ్గర అడగండి. ఎవరూ కోప్పడరు.

మూడు వేళ్ళ పరీక్ష

ఇంట్లో గుట్కా, మసాలా వేసుకునేవారు ఉంటే ఈ రాత్రే ఒక పని చేయండి. వారి మూడు వేళ్ళను, చూపుడు వేలు, మధ్య వేలు, ఉంగరపు వేలు, ఒకదాని మీద ఒకటిగా నిలువుగా పెట్టి పైపళ్ళకు, కింది పళ్ళకు మధ్య దూర్చమనండి. మూడూ పడితే నోరు బాగా తెరుచుకుంటున్నట్లు. రెండే పడితే డాక్టరుకు చూపించాలి. కారం తగిలితే మంట, రెండు వారాలకు మానని పుండు, తెల్ల లేక ఎర్ర మచ్చ ఉన్నా ఆగవద్దు. మన దగ్గరకు రావచ్చు. అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ దంత వైద్య కళాశాలకు వెళ్ళవచ్చు. క్యాన్సర్ అనుమానం ఉంటే రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. ఆసుపత్రికి పంపుతాము.

ఆ రోజు పిల్లల ఓపీలో ఆ ఆటో తమ్ముడి చేత కూడా ఈ పరీక్ష చేయించాము. రెండు వేళ్ళే పట్టాయి. వయసు 31. "కారం తింటే మంటైతది గని, కూర్ల కారం ఎక్కువైందనుకున్న" అన్నాడు. భార్య ఏమీ అనలేదు, పిల్లవాడిని గట్టిగా హత్తుకుంది. బిగిసిన నోరు మళ్ళీ మునుపటిలా తెరుచుకోవడం కష్టమని, ఇప్పుడు మానితే మరింత బిగియకుండా, క్యాన్సర్ దాకా పోకుండా కాపాడుకోవచ్చని ఉన్నది ఉన్నట్లు చెప్పి, దంత వైద్య కళాశాలకు చీటీ రాయించాము.

జనవరిలో బాబుకు టీకా వేయించడానికి ఆమె మళ్ళీ వచ్చింది. రోజుకు పన్నెండు ప్యాకెట్ల నుంచి మూడుకు వచ్చాడట. "ఆ మూడు కూడా బంద్ చేయిస్త సిస్టరమ్మా, నేనే సర్కారును" అని నవ్వింది. ఆ సీసా బిల్లు ఇంకా ఆమె పర్సులోనే ఉంది. తీసి మాకు చూపించింది.